అండమాన్ రచ్చబండకు తాళంచెవి ఎవరి చేత ఉండాలి?

ఢిల్లీ నుండి చూచేవారికి అండమాన్ నికోబార్ దీవులు ఎప్పుడూ పటంలోని చుక్కలుగానే కనబడతాయి. ఆ చుక్కలను రక్షణశాఖ వారు మలక్కా జలసంధి వాకిట నిలిచిన కాపలాగదిగా చూస్తారు. నౌకాయాన శాఖ వారికి గ్రేట్ నికోబార్‌లో కట్టదలచిన రేవు కనబడుతుంది. పర్యావరణవాదులకు ఆ రేవు కోసం కొట్టివేయవలసిన అడవి కనబడుతుంది. దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభలో ఉన్నది ఒకే ఒక స్థానం. కనుక ఆ దీవుల జనం తమలో తాము ఎక్కడ కూర్చుని మాట్లాడుకుంటారు, ఆ కూర్చునే చోటు ఎవరిది అన్న ప్రశ్న రాజధానిలో ఎవరికీ తట్టదు. ఈ వారం ఆ ప్రశ్నను గురించి వ్రాయదలచినాను.

ప్రశ్న నా స్వంతం కాదు. నిన్న మొన్నటి వరకు పోర్ట్ బ్లెయిర్‌గా ఉండి, 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పట్టణం నుండి ఒక తెలుగు పాఠకుడు వ్రాసి పంపినది. ఆయనా, ఆయన మిత్రులు కొందరూ కలిసి ఓపెన్ సోర్స్ బృందం ఒకటి ఏర్పాటు చేయదలచినారట. తెలుగు, తమిళం, బెంగాలీ, హిందీ మాట్లాడేవారు అందులో ఉన్నారు. పని మొదలు కాకముందే తగవు వచ్చిపడింది. బృందం బహిరంగంగా మాట్లాడుకోవడానికి ఏ చాట్ వేదికను ఎంచుకోవాలి? అందరి ఫోన్లలోనూ ఉన్న వాట్సాప్ చాలునని ఒకరు, టెలిగ్రామ్ మేలని మరొకరు, డిస్కార్డ్ అని ఇంకొకరు, మన సర్వర్ మనమే పెట్టుకుందామని నాలుగవవారు. “ఇది సాంకేతిక విషయమా, రాజకీయ విషయమా?” అని ఆయన అడిగినారు.

నిస్సందేహంగా రాజకీయ విషయమే. ఓపెన్ సోర్స్ అనగా ప్రోగ్రాము మూలపాఠాన్ని దాచక అందరి ముందు పెట్టడం. ఎవరైనా చదువవచ్చు, దిద్దవచ్చు, తిరిగి పంచవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వంటివి ఈ పద్ధతిని తెలుగువారికి పరిచయం చేసినాయి. అయితే మూలపాఠం ఒక్కటే బహిరంగమైతే చాలదు. ఏ దోషం ముందు దిద్దాలి, ఎవరి సవరణ అంగీకరించాలి, కొత్తగా వచ్చినవాడికి ఎవరు దారి చూపాలి అన్న నిర్ణయాలన్నీ సంభాషణలో జరుగుతాయి. సంభాషణ తలుపుల వెనుక సాగితే మూలపాఠం బహిరంగమై ప్రయోజనమేమి? గ్రామంలో చెరువు అందరిదే కావచ్చు. నీటి పంపకం మునసబుగారి చావడిలో తేలుతున్నంత కాలం చెరువు మునసబుగారిదే. తెలుగు వికీపీడియా వారు తమ చర్చాస్థలానికి “రచ్చబండ” అని పేరు పెట్టుకున్నది ఊరకే కాదు.

దీవుల విషయంలో ఈ ప్రశ్నకు మరింత పదును ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనసంఖ్య 3,80,581. వారిలో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైగా ఉన్నారు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం మనదే. ఉత్తరాంధ్ర తీరం నుండి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ప్రధాన భూభాగానికి ఉన్న దూరం దాదాపు 1,200 కిలోమీటర్లు. చాలకాలం ఆ దూరాన్ని దాటిన ప్రతి మాటా ఆకాశం మీదుగానే పోవలసి వచ్చింది. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న ఎక్కి దిగి, జవాబు ఎక్కి దిగేసరికి అర సెకను గడచిపోతుంది. ఆ దారి ఇరుకు, ఆపైన ఖరీదు. వానాకాలంలో అదీ మందగించేది.

ఈ స్థితిని మార్చినది సముద్రగర్భ కేబులు. 2018 డిసెంబరు 30న ప్రధాని నరేంద్ర మోదీ దానికి శంకుస్థాపన చేసినారు. 2020 ఆగస్టు 10న ప్రారంభించినారు. చెన్నై నుండి పోర్ట్ బ్లెయిరుకు, అక్కడి నుండి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కామోర్టా, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్‌లకు సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున దానిని వేసినారు. వ్యయం 1,224 కోట్ల రూపాయలు. పని జరిపించినది బి.ఎస్.ఎన్.ఎల్. సొమ్ము సార్వత్రిక సేవానిధిది. అనగా దేశంలో ప్రతి టెలిఫోను చందాదారు బిల్లులోని పైసలు కొన్ని ఆ సముద్రం అడుగున ఉన్నాయి. ప్రజాధనంతో వేసిన రహదారి అది. ఆ రహదారి ప్రక్కన ప్రజలు కూర్చుండే అరుగు మాత్రం ఒక విదేశీ కంపెనీ ఇనుప గేటు లోపల ఉండాలా అన్నది మన పాఠకుని ప్రశ్నలోని అసలు సారం.

మాట కలిసే చోటును ఎవరు కట్టినారు, ఏ ఉద్దేశంతో కట్టినారు అనేది ఎంత ముఖ్యమో అండమానుకు తెలిసినట్లు మరొక ప్రాంతానికి తెలియదు. 1896లో ఆరంభించి 1906లో ముగించిన సెల్యులార్ జైలులో నడుమ ఒక గోపురం, దాని చుట్టూ చక్రపు ఆకులవలె ఏడు భవనాలు. ఒక భవనం గదుల ముఖం ఎదుటి భవనం వీపును చూచేటట్లు కట్టినారు. ఖైదీకి ఖైదీ కనబడరాదు, మాట వినబడరాదు. గోపురం మీది కావలివాడికి మాత్రం అందరూ కనబడాలి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వేంకటాచార్యులు వంటి తెలుగువారు ఆ గోడలను చూచినవారే. నేటి చాట్ కంపెనీలను ఆ జైలుతో పోల్చడం అన్యాయం. అక్కడికి ఎవరినీ సంకెళ్ళతో తీసికొనిపోవడం లేదు. అయినా నడుమ కూర్చున్నవాడికి అందరూ కనబడి, అందరికీ అతడే దిక్కయ్యే నిర్మాణం ఎక్కడ ఉన్నా దాని స్వభావాన్ని గుర్తుపట్టవలసినదే.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన నిర్మాణాన్ని కూడా ఆ దీవులు చూచినాయి. అది ఇంటర్నెట్ కాదు, హామ్ రేడియో. భద్రతా కారణాలు చెప్పి ఢిల్లీ అధికారులు 1987 తరువాత చాలకాలం అండమాన్ నుండి హామ్ ప్రసారాలకు అనుమతి ఇవ్వలేదు. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ ఆ అనుమతి కోసం ఏళ్ళ తరబడి రాజధాని కార్యాలయాల చుట్టూ తిరిగినారు. చివరకు 2004లో అనుమతి లభించింది. డిసెంబరు నెలలో ఆమె బృందం పోర్ట్ బ్లెయిర్ హోటలులో యంత్రాలు అమర్చి, ప్రపంచమంతటి హామ్‌లతో సంభాషించసాగింది. డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చిపడింది. టెలిఫోన్లు మూగపోయినాయి. కార్ నికోబార్‌లోని వాయుసేన స్థావరం ధ్వంసమైనది. వినోదం కోసం తెచ్చిన ఆ యంత్రాలే అప్పుడు దీవులకు నోరైనాయి. ఆ బృందం పోర్ట్ బ్లెయిర్ నుండి ప్రధాన భూభాగానికి వార్తలు పంపింది; కార్ నికోబార్‌లో మరొక కేంద్రాన్ని నెలకొల్పింది. తమవారు బ్రతికి ఉన్నారా లేరా అని తల్లడిల్లుతున్న కుటుంబాలకు సమాచారం అందజేసింది.

పాఠకులు గమనించవలసిన సంగతి ఇక్కడ ఉన్నది. హామ్ రేడియోకు యజమాని లేడు. ఒక స్టేషను మూగపోతే మరొకటి అందుకుంటుంది. నియమాల ప్రకారం రహస్య సంకేతభాష పనికిరాదు, ఎవరైనా వినవచ్చు. మాట్లాడేవాడు తన పిలుపు సంకేతాన్ని చెప్పి తీరాలి. రద్దీ ఉన్నప్పుడు ఒకరు నియంత్రణ వహిస్తే మిగిలినవారు ఆయన ఇచ్చిన వరుసను పాటిస్తారు. కంపెనీల సహాయం లేకుండా ఒక బహిరంగ సమాజం తనను తాను నడుపుకొనగలదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏమి కావాలి? మరొక పాఠం కూడా మరువరానిది. ఆ డిసెంబరులో అనుమతి చేతిలో లేకుండా ఉంటే, పరికరాలు హైదరాబాదులోనే ఉండిపోయేవి. భద్రత పేరిట ఏళ్ళ తరబడి నిరాకరించబడినదే విపత్తు నాడు భద్రతగా నిలిచినది. ఢిల్లీ ఈ పాఠాన్ని నేర్చుకున్నదా?

ఆ సంగతికి ముందు ప్రపంచానుభవం కొంత చూద్దాం. కంప్యూటర్ల మీద బహిరంగ సంభాషణకు తొలి గొప్ప వేదిక ఐ.ఆర్.సి. దానిని 1988లో ఫిన్లాండుకు చెందిన యార్కో ఓయికరినెన్ ఔలు విశ్వవిద్యాలయంలో తయారుచేసినాడు. 1991 ఆగస్టులో కుట్రదారులు గోర్బచేవ్‌ను గృహనిర్బంధంలో ఉంచినప్పుడు మాస్కో సమాచారం ఐ.ఆర్.సి. ద్వారా కూడా బయటికి ప్రవహించింది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులలో అనేకం ఫ్రీనోడ్ అనే ఐ.ఆర్.సి. నెట్‌వర్కులో కొలువుతీరినాయి. దానిని నడిపినవారు స్వచ్ఛంద సేవకులు. అయితే 2017లో దాని వెనుక ఉన్న సంస్థ చేతులు మారింది. 2021 మే నెలలో అజమాయిషీ విషయమై వివాదం చెలరేగి స్వచ్ఛంద సేవకులు మూకుమ్మడిగా తప్పుకున్నారు. లిబెరా చాట్ పేరుతో క్రొత్త నెట్‌వర్కు స్థాపించుకున్నారు. తమ ఛానెలు గుమ్మం మీద క్రొత్త చిరునామా వ్రాసిన వందలాది సమాజాల నుండి ఆ ఛానెళ్ళను పాత యాజమాన్యం లాగివేసుకున్నది. ఉబుంటు, వికీమీడియా వంటివి తరలిపోయినాయి. నిబంధనలు, మూలపాఠం బహిరంగంగానే ఉన్నా, పేరు మీద హక్కు ఒక వ్యక్తి చేతిలో ఉంటే ఏమవుతుందో ఆ వారం రోజులలో లోకానికి తెలిసివచ్చింది. లేచిపోవడానికి వీలు ఉన్నందున మాత్రమే వారు బ్రతికి బట్టకట్టినారు.

లేచిపోవడానికి వీలు లేనిచోట ఏమవుతుందో తెలుగువారికి స్వానుభవమే. తెలుగు సాహిత్యాన్ని గురించి ఏళ్ళ తరబడి గంభీరమైన చర్చలు సాగిన “రచ్చబండ” బృందం యాహూ గ్రూపులలో ఉండేది. యాహూ కంపెనీ 2019 చివర ఆ గ్రూపుల దస్తరాలను తొలగించ నిశ్చయించింది. 2020 డిసెంబరు 15న ఆ సేవనే మూసివేసింది. ముందుచూపుతో నకళ్ళు తీసి దాచుకొనని బృందాల సంభాషణలు గాలిలో కలిసిపోయినాయి. స్లాక్ అనే వేదికలో ఉచితంగా తలదాచుకున్న బృందాలకు 2022 సెప్టెంబరు నుండి 90 రోజులకు వెనుకటి మాటలు కనబడకుండా పోయినాయి. అద్దె ఇంటిలో గోడమీద వ్రాసుకున్న లెక్కలు, ఇంటివాడు సున్నం కొట్టించగానే మాసిపోతాయి.

ఎంపిక ఎట్లా చేయాలో చెప్పే మంచి ఉదాహరణ మొజిల్లాది. 2019లో ఆ సంస్థ తన పాత ఐ.ఆర్.సి. సర్వరును మూసివేయదలచి, దానికి బదులు నాలుగు వేదికలను బహిరంగంగా పరీక్షకు పెట్టింది: మాటర్‌మోస్ట్, మేట్రిక్స్, రాకెట్ చాట్, స్లాక్. ఐ.ఆర్.సి.లో వేధింపులను అరికట్టడం కష్టమని, క్రొత్తవారికి ప్రవేశం దుర్లభమని ఆ సంస్థ చెప్పిన కారణాలు. అంగవైకల్యం గలవారికి ఉపయోగపడునా, ప్రవర్తనా నియమావళిని అమలు జరుపగలమా అని కొలిచి చూచినారు. 2019 డిసెంబరులో మేట్రిక్స్‌ను ఎన్నుకున్నారు; 2020 మార్చిలో పాత సర్వరు ఆగిపోయినది. బృందంవారు తమ తగవును దాచక, ప్రమాణాలు ముందు ప్రకటించి, తరువాత తీర్పు చెప్పుకొనడం ఇక్కడి విశేషం.

మేట్రిక్స్ 2014లో ఆరంభమైన బహిరంగ ప్రమాణం. తపాలాకార్యాలయాల వలె ఎవరి సర్వరు వారిది. అయినా ఒకరి ఉత్తరం మరొకరికి చేరుతుంది. ఫ్రాన్సు ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 2019లో దీని మీదనే చాప్ అనే వేదికను నిర్మించుకున్నది. సరిగ్గా ఇక్కడే మన రాజధాని కథలోకి వస్తుంది. 2023 మే నెలారంభంలో కేంద్రం 14 సందేశ యాప్‌లను నిషేధించినట్లు వెల్లడి అయినది. జమ్ము కాశ్మీరులోని ఉగ్రవాదులు వాడుతున్నారనేది చెప్పబడిన కారణం. మేట్రిక్స్‌ను వాడుకొనడానికి ప్రసిద్ధమైన ఎలిమెంట్, ఇంటర్నెట్ తెగిపోయినప్పుడు కూడా బ్లూటూత్, వైఫైల ద్వారా ఒక ఫోను నుండి మరొక ఫోనుకు మాటను అందించే బ్రయర్ ఆ జాబితాలో ఉన్నాయి. రెండూ ఓపెన్ సోర్స్. సమాచార సాంకేతిక చట్టం 69ఎ సెక్షను క్రింద వెలువడే ఇటువంటి ఆజ్ఞలు రహస్యంగా ఉంటాయి. వాడుకరికి కారణం తెలియదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమాజానికి చెందినవారు దీనిని ప్రశ్నిస్తూ కేరళ హైకోర్టును ఆశ్రయించినారు.

ప్రభుత్వ వాదాన్ని తేలికగా తీసివేయరాదు. అండమాన్ 2001 నుండి త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఉన్న చోటు. శత్రువు చెవి ఎక్కడ ఉన్నదో కనిపెట్టడం ప్రభుత్వం బాధ్యత. అయితే బహిరంగ చర్చావేదికకు రహస్యంతో పనే లేదు. దానిని ఏ అధికారి అయినా కూర్చుని చదువుకొనవచ్చు. ఒక వేదికను నలుగురు దుర్మార్గులు వాడినారని ఆ ప్రమాణాన్నే వెలివేస్తే, సునామీ నాడు పనికివచ్చే సాధనాన్ని మన చేతులతో మనం పారవేసినట్లే. ఇదే కేంద్రప్రభుత్వం 2015లో తన కార్యాలయాలలో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. కుడిచేత పీట వేసి ఎడమచేత లాగివేయడం ఏమి విధానం?

ఇక స్వదేశీ వాదం. 2025 శరత్కాలంలో జోహో కంపెనీ వారి అరట్టైను కేంద్రమంత్రులు మెచ్చుకున్నారు. లక్షలాది జనం దానిని దింపుకున్నారు. తమిళంలో ఆ మాటకు పిచ్చాపాటి అని అర్థం. మన కంపెనీ, మన గడ్డ మీది సర్వరు అంటే సంతోషమే. కానీ స్వదేశీ వేరు, స్వాధీనం వేరు. తాళంచెవి కాలిఫోర్నియాలో ఉన్నా, తెన్‌కాశిలో ఉన్నా అది మన మొలలో లేదన్న సంగతి మారదు. మూలపాఠం బయటపెట్టి, దస్తరాలను మూటకట్టి తీసికొనిపోవడానికి వీలు కల్పించిన నాడు స్వదేశీ కంపెనీకే మొదటి తాంబూలం ఇవ్వవచ్చు.

మన పాఠకునికి నేను చెప్పగలిగినది ఇది. వేదిక పేరుకు ముందు షరతులు వ్రాసుకొనండి. లాగిన్ లేకుండా బయటివాడు చదువగలగాలి. సంభాషణ అంతటినీ ఎప్పుడైనా నకలు తీసుకొనే వీలుండాలి. ఫోను నంబరు బయటపెట్టమని అడగరాదు. ఊరూ పేరూ తెలియని వందమంది చేతికి తమ నంబరు వెళుతుందంటే ఆడపిల్లలు ఎందరు చేరుతారు? నంబరు కనబడే వాట్సాప్ బృందం స్నేహితులకు చాలు, సమాజానికి చాలదు. తెలుగులో వెదికితే తెలుగు దొరకాలి. కార్ నికోబార్‌లో కేబులు మందగించిన రోజున కూడా అక్షరాలు పోయి రావాలి. వేధించేవాడిని బయటికి పంపే అధికారం ఎవరికి ఉన్నదో, దానిమీద అప్పీలు ఎవరికో ముందే నిర్ణయించాలి.

ఈ షరతులతో చూస్తే ఐ.ఆర్.సి. అన్నిటికంటే తేలిక, కాని తనంతట తాను పాతమాటను దాచదు. మేట్రిక్స్ స్వతంత్రమైనది, సర్వరు నడపడానికి ఓపిక, సొమ్ము కావాలి. జూలిప్ అనేది 2015 నుండి ఓపెన్ సోర్స్. ప్రతి మాటనూ ఒక విషయశీర్షిక క్రింద ఉంచుతుంది. కనుక నాలుగు రోజులు ఓడ మీద ఉండి వచ్చినవాడు కూడా దారము తెగకుండా చర్చను అందుకొనగలడు. ఓపెన్ సోర్స్ బృందాలకు ఉచితంగా చోటు ఇస్తున్నది. రేపు స్వంత సర్వరుకు తరలిపోవడానికి అడ్డు చెప్పదు. రస్ట్ భాషవారు అందులోనే చర్చించుకుంటున్నారు. చిన్న బృందానికి ముందు అది చాలునని నా అభిప్రాయం. పలకరింపులకు, పిలుపులకు వాట్సాప్, టెలిగ్రామ్ ఉండనీయండి. జనం ఉన్నచోటికి వెళ్ళి పిలువనిదే జనం రారు. నిర్ణయాలు మాత్రం రచ్చబండ మీదనే జరగాలి. మీలో ఇద్దరు ముగ్గురు హామ్ లైసెన్సు పరీక్షకు కూర్చొనడం మరీ మంచిది.

ఢిల్లీకి చెప్పవలసినదీ కొంత ఉన్నది. నిషేధపుటాజ్ఞలు కారణాలతో సహా వెలువడాలి. విపత్తులో పనికివచ్చే బహిరంగ సాధనాలను దీవులలో ముందే పరీక్షించి ఉంచాలి. అలవాటు లేని సాధనం ఆపదలో చేతికి అందదు. 1,224 కోట్లు ఖర్చుపెట్టి కేబులు వేసిన ప్రభుత్వానికి ఆ పట్టణంలో ఒక చిన్న సామాజిక సర్వరుకు చోటు, కరెంటు ఇవ్వడం భారం కాబోదు. అజమాయిషీ మాత్రం కోరరాదు. లోక్‌సభలో ఒక్క గొంతుక మాత్రమే గల ప్రజలకు తమలో తాము మాట్లాడుకొనే స్థలమైనా పూర్తిగా తమదై ఉండడం న్యాయం. ఆ స్థలాన్ని ఎవరూ దయచేసి ఇవ్వరు. షరతులు తెలిసి, అడిగి, కట్టుకొనవలసినదే.